రాను రెండు వందల అడుగులు, పోను తొమ్మిది కిలోమీటర్లు

గద్దలబండ లోయ అంచున ఒక కాలిబాట ఉంది. చుట్టుకొలత తొమ్మిది కిలోమీటర్లు. ఎక్కడ మొదలుపెట్టినా, ఎటు తిరిగినా, బుద్ధిగా నడిస్తే మనిషిని మళ్లీ మొదలుపెట్టిన చోటికే తెచ్చి దింపుతుంది. టేకు చెట్ల కిందా ఇప్ప చెట్ల కిందా మెలికలు తిరుగుతూ పోతుంది. నాలుగు చోట్ల చెట్లు పలచబడతాయి. అక్కడ నిలబడి తొంగి చూస్తే లోయ అడుగున పెద్దమడుగు సరస్సు పచ్చగా, కదలకుండా కనిపిస్తుంది. అంత అందంగా ఉండబట్టే విహార వనాల సంస్థ కంట్లో పడింది.

సంస్థ వచ్చి బాటకు 'తీరిక నడక' అని పేరు పెట్టింది. ఒక గేటు కట్టింది. గేటు దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, అందులో పూనెం నాగుల్ని కూర్చోబెట్టింది. నాగులుకు యాభై రెండేళ్లు. పద్దెనిమిదేళ్లుగా ఆ అడవిలో తాత్కాలిక వాచరు. తాత్కాలికం అనేది ఎంతకాలం సాగుతుందో అతనికి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. అతన్ని పర్మినెంటు చేసే ఫైలు ఒకటి మేనేజరు బల్ల మీద ఉంది. ఉందని మేనేజరే చెప్పాడు కాబట్టి ఉన్నట్టే.

గేటును ఆనుకుని బోరింగు. గేటు దగ్గర నిలబడి కుడివైపు చూస్తే రెండు వందల అడుగుల దూరంలో బండకింది గూడెం, ముప్పై ఇళ్లు. మొదటి ఇల్లు నాగులుదే. కుర్చీలోంచి కదలకుండా తన వాకిట్లో కోళ్లను లెక్కపెట్టుకోవచ్చు. గూడెం మొత్తం రాతి మీద ఉంది, ఎక్కడ బోరు వేసినా రాతిపొడి తప్ప నీళ్లు పడలేదు. అందుకని పాతికేళ్లుగా గూడెం ఆడవాళ్లు ఖాళీ బిందెలతో గేటు దగ్గరికి వచ్చి, బోరింగు కొట్టి, నిండు బిందెలతో ఇంటికి పోతున్నారు. ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క లోయ. మధ్యలో ఈ బాట తప్ప గూడేనికి మరో దారి లేదు.

ప్రారంభోత్సవానికి సంస్థ డైరెక్టరు దామెర విఠల్‌రావు గారు వచ్చారు. రిబ్బను కత్తిరించి, కుడికాలు ముందు పెట్టి, కుడివైపే తిరిగారు. పది అడుగులు వేశారో లేదో నాగులు భార్య బుచ్చమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఎదురొచ్చింది.

బయల్దేరగానే ఖాళీ బిందె ఎదురొస్తే ఏం చేయాలో డైరెక్టరు గారికి వాళ్లమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఆయన వెనక్కి తిరిగారు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నారు. గుక్కెడు మంచినీళ్లు తాగి, కాసేపాగి, మళ్లీ బయల్దేరారు. ఈసారి నాగులు వదిన ముత్తమ్మ ఎదురొచ్చింది, చంకకొకటి చొప్పున రెండు ఖాళీ బిందెలతో. అది నీళ్ల వేళ. డైరెక్టరు గారు ఐదుసార్లు బయల్దేరి, ఐదుసార్లు వెనక్కొచ్చి, ఐదుసార్లు నీళ్లు తాగారు. కడుపు నిండింది గానీ నడక సాగలేదు. చివరికి కారెక్కి వెళ్లిపోయారు. రాజధానిలో ఆయన ఎప్పటినుంచో కన్నేసిన పెద్ద కుర్చీ వేరొకరికి దక్కిందని సాయంత్రమే ఫోను వచ్చింది.

ఎంత కోపం వచ్చినా, ఖాళీ బిందె మీద కోపం వచ్చిందని ఫైల్లో రాయలేరు కదా. చదువుకున్న మనిషి, పెద్ద హోదా. పదిహేను రోజులు ఆలోచించి, బిందె ఊసే లేకుండా ఒక ఉత్తర్వు పంపారు.

'తీరిక నడక మార్గమునందు ఎదురు దిశ నుండి వ్యక్తులు తారసపడుట వలన సందర్శకుల తీరికకు భంగము వాటిల్లుచున్నట్లు సంస్థ దృష్టికి వచ్చినది. కావున ఇకమీదట సర్వులూ గేటు నుండి ఎడమవైపుగా బయలుదేరి, ప్రదక్షిణ క్రమమున మాత్రమే నడువవలెను. ఎట్టి పరిస్థితులలోనూ ఎవరికీ ఎవరూ ఎదురు రాకూడదు. నాలుగు వీక్షణ స్థలములయందు పదేసి నిమిషములు ఆసీనులై సరస్సును వీక్షించుట తప్పనిసరి.'

మేనేజరు పెండ్యాల ప్రభాకరం దీన్ని పెద్ద బోర్డు మీద రాయించాడు. నాగులు చేతికి ఒక విజిలు, ఒక రిజిస్టరు ఇచ్చాడు. ఎవరైనా ఎవరికైనా ఎదురొస్తే విజిలు ఊది, రిజిస్టర్లో ఎక్కించాలి.

మర్నాడు పొద్దున బుచ్చమ్మ వచ్చింది, బోరింగు కొట్టింది, బిందె నెత్తికెత్తుకుని అలవాటుగా కుడివైపు తిరిగింది. నాగులు విజిలు ఊదాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె మీద గొంతెత్తి ఎరగడు, అలాంటిది ఏకంగా విజిలు.

"ఏందయ్యా? నన్ను చూసి ఊదుతున్నవ్?"

"గిటు పోవద్దట. ఆర్డరొచ్చింది. అటు దిక్కు కెల్లి తిరిగి రావాలె."

"అటు కెల్లా? లోయంత తిరిగా? ఇల్లు గాడ కనవడుతనే ఉన్నది గద! అగో, కోడి పొయ్యెక్కింది సూడు."

"కనవడుతది. పోవద్దు."

"మరి వచ్చేటప్పుడు గిదే తొవ్వన వచ్చిన."

"రావొచ్చు. పోవద్దంతే."

బుచ్చమ్మ మొగుడి మొహంలోకి కాసేపు చూసింది. అతను బోర్డు వైపు చూశాడు. ఆమె ఎడమవైపు తిరిగి నడిచింది. రెండు వందల అడుగుల దూరంలో ఉన్న ఇంటికి మూడు గంటల్లో చేరింది. నాలుగు చోట్లా ఆగి, బిందె దించి, పక్కన కూర్చుని, పదేసి నిమిషాలు కింద ఉన్న నీళ్లను చూసింది. ఆ నీళ్ల దగ్గరికి దిగే దారి లేదు, దిగడానికి అనుమతీ లేదు. నెత్తిమీది నీళ్లలో సగం దారిలోనే ఒలికిపోయాయి. మూడు గంటలూ కుర్చీలో కూర్చుని ఇంటివైపు చూస్తున్న నాగులు సిగ్గుతో చచ్చిపోయాడు. మూడు గంటల తర్వాత ఆమె వాకిట్లో బిందె దించడం కనిపించింది. చెయ్యి ఊపాడు. ఆమె ఊపలేదు.

ఆ రోజు నుంచి గూడెం బతుకంతా ఒకే వైపు తిరగడం మొదలుపెట్టింది. ఖాళీ బిందెతో రావడానికి మూడు నిమిషాలు, నిండు బిందెతో పోవడానికి మూడు గంటలు. పొద్దున బయల్దేరిన నీళ్లు మధ్యాహ్నానికి ఇల్లు చేరేవి, మధ్యాహ్నం వంట సాయంత్రానికి పొయ్యెక్కేది. స్నానాలు వారానికి రెండుకు తగ్గాయి. నాగులు డ్యూటీకి మూడు నిమిషాల్లో వచ్చి, డ్యూటీ దిగాక మూడు గంటలు నడిచి ఇల్లు చేరేవాడు. ఒకరోజు సద్ది మరిచిపోయాడు. బుచ్చమ్మ వాకిట్లో నిలబడి సద్దిగిన్నె ఎత్తి చూపించింది. తెచ్చిస్తే ఆమె మళ్లీ లోయంతా తిరగాలి. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె గిన్నె లోపల పెట్టింది. ఆ పూట అతను బోరింగు నీళ్లు తాగి గడిపాడు.

మేకలకు బోర్డు చదవడం రాదు కాబట్టి అవి కొన్నాళ్లు రెండు వైపులా తిరిగాయి. దాని మీద కూడా వివరణ వచ్చింది. 'సర్వులూ' అన్న మాటలో మేకలు సైతం ఇమిడి ఉన్నవని. ఆ తర్వాత ఎదురొచ్చిన మేకను గేటు దగ్గర కట్టేసి, యజమానిని పిలిపించి, దాన్ని తాడుతో ప్రదక్షిణ క్రమంలో ఇంటికి తీసుకుపోయేలా చేసేవారు. మేక ఏ వీక్షణ స్థలంలోనూ పది నిమిషాలు కూర్చునేది కాదు. దాని గురించి ప్రభాకరం పైకి రాశాడు గానీ జవాబు రాలేదు.

రెండో వారంలో ఒకనాడు బుచ్చమ్మకు ఒళ్లు కాలిపోయే జ్వరం. నీళ్లకు రాక తప్పదు కాబట్టి వచ్చింది. బోరింగు కొట్టి, బిందె ఎత్తలేక అక్కడే కూలబడింది. ప్రభాకరం అప్పుడే జీపు దిగుతున్నాడు. చెడ్డవాడు కాదు, చూసి మనసు కరిగింది.

"పోనీలేవయ్యా, ఈ ఒక్కసారికి కుడివైపు పోనియ్యి," అన్నాడు.

నాగులు బిందె తనే ఎత్తి నెత్తిన పెట్టాడు. ఆమె కుడివైపు నడిచింది. ఎనభై అడుగులు వేసేసరికి, తొమ్మిది కిలోమీటర్లు ముగించుకుని వస్తున్న ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారికి ఎదురైంది. ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చి, నెమ్మదిగా గేటుకొచ్చి, సలహాల పుస్తకంలో 'నడక అద్భుతం. ఒక స్త్రీ ఎదురైనది' అని చక్కటి దస్తూరితో రాశారు. నాలుగోనాడు నాగులుకు మెమో వచ్చింది.

"మీరే గద సార్ పొమ్మన్నరు?" అన్నాడు నాగులు.

"అన్నాను నాగులూ. నేను కాదనడం లేదు. కానీ అన్నది నోటితో కదా? నోటి మాటకు ఇన్‌వర్డ్ నంబరు ఉండదు." ప్రభాకరం నిజంగానే నొచ్చుకున్నాడు. "నీ మంచి కోరి చెప్తున్నా, ఇంకో మెమో పడిందంటే నీ పర్మినెంటు ఫైలు మూసెయ్యమంటారు. ఇకనుంచి నేను చెప్పినా సరే, రాతపూర్వకంగా లేకపోతే ఎవరినీ కుడివైపు వదలకు."

నాగులు ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

తర్వాత ముత్తమ్మ ముందు నడవగా గూడెం ఆడవాళ్లంతా అర్జీ పట్టుకుని గేటు పక్కనున్న మేనేజరు గదికి వచ్చారు. ప్రభాకరం అందరినీ కూర్చోబెట్టి, గోడకున్న మ్యాపు ముందుకు వెళ్లి, చేతికర్రతో చూపిస్తూ మాట్లాడాడు.

"మీ గూడెం గేటుకు దగ్గర్లో ఉందని అర్జీలో రాశారు. రికార్డు అలా చెప్పడం లేదమ్మా. నియమానుసార దూరం లెక్క ప్రకారం గేటు నుంచి గూడేనికి తొమ్మిది కిలోమీటర్లకు కాస్త తక్కువ. గూడెం నుంచి గేటుకు మాత్రం రెండు వందల అడుగులు."

"గదేంది సార్," అంది ముత్తమ్మ. "తొవ్వ ఒక్కటే గద. పోను ఒక లెక్క, రాను ఒక లెక్క ఉంటదా?"

"దారి ఒకటే, దిశలు రెండు. సంస్థ చూసేది దారిని కాదు, దిశను."

"పోనీ గా ఆర్డరు తిరగేయున్రి సార్. అందరు కుడిదిక్కు కెల్లి మొదలువెట్టాలె అనున్రి. మేం ఖాళీ బిందెలతోని లోయంత తిరిగొస్తం, నిండు బిందెలతోని మూడు నిమిషాల్ల ఇల్లు చేరుతం. మీ ఎదురు రాకుండుడు మీకుంటది, మా నీళ్లు మాకుంటయ్."

ప్రభాకరం చేతికర్ర దించి ఆమెను మెచ్చుకోలుగా చూశాడు. సంస్థలో ఇంత తెలివైన ప్రతిపాదన అతను చూసి చాలాకాలమైంది. "బాగుంది. కానీ అది అప్రదక్షిణం అవుతుంది. పైగా సరస్సు కుడిచేతి వైపు కనిపించునని కరపత్రాల్లో అచ్చయిపోయింది. అచ్చయినదాన్ని మార్చలేం కదమ్మా."

అయితే సంస్థకు దయ లేదనడానికి వీల్లేదు. తొమ్మిది కిలోమీటర్ల దూరంలో నీటి వసతి లేకుండా ఒక గూడెం ఉన్నట్టు రికార్డుల్లో తేలింది కాబట్టి, బండకింది గూడేన్ని 'సుదూర ఆవాసం'గా ప్రకటించి, వారానికొక నీళ్ల ట్యాంకరు మంజూరు చేశారు. ట్యాంకరు సోమవారం నాడు గేటు దాకా వచ్చింది. బాట నాలుగడుగుల వెడల్పు, లోపలికి పట్టలేదు. డ్రైవరు దిగి చుట్టూ చూసి, బోరింగు పక్కన ఒక డ్రమ్ము పెట్టి, అందులో నీళ్లు నింపి, సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ నీళ్లను అతను ముందురోజు వచ్చి నింపుకుపోయిందీ ఆ బోరింగు దగ్గరే. ఆడవాళ్లు డ్రమ్ములోంచి బిందెలు ముంచుకుని ఎడమవైపు తిరిగారు.

సందర్శకులకు మాత్రం తీరిక నడక చాలా నచ్చింది. ఎవరూ ఎదురురారు, ఎవరికీ దారి ఇవ్వనక్కర్లేదు. పైగా ప్రతి వీక్షణ స్థలంలోనూ నలుగురైదుగురు ఆడవాళ్లు నిండు బిందెలు పక్కన పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా సరస్సు వైపు చూస్తూ కనిపించేవాళ్లు. సలహాల పుస్తకం నిండిపోయింది. 'ఇక్కడి ప్రజల ప్రకృతి ప్రేమకు జోహార్లు. నీళ్లు మోసే పనిలోనూ సరస్సు అందాన్ని మరువరు.' 'వారి మౌనం మమ్మల్ని కదిలించింది.' ఒకాయన అందులోనే రెండు పేజీల కవిత రాశాడు. బుచ్చమ్మ కళ్లలో సరస్సు ప్రతిఫలిస్తోందని అందులో ఉంది. నాగులు దాన్ని కూడబలుక్కుని చదివి, ఇంట్లో చెప్పలేదు.

ఆ పుస్తకం నకలు పైకి వెళ్లేసరికి సంస్థ దాన్ని 'స్థానికుల స్వచ్ఛంద భాగస్వామ్యం' కింద ఒక పెద్ద అవార్డుకు పంపాలని తీర్మానించింది. అవార్డు దరఖాస్తులో ఒక ఖాళీ ఉంది. డైరెక్టరు స్వయంగా మార్గమంతా నడిచినట్టు ధ్రువీకరించాలి. ప్రారంభోత్సవం నాడు పది అడుగులకు మించి ముందుకు పోని విఠల్‌రావు గారు అలా రెండోసారి గద్దలబండకు వచ్చారు.

అప్పటికి వేసవి ముదిరింది. డైరెక్టరు గారు నడక పూర్తిచేసేదాకా గూడెంవాళ్లెవరూ బాట మీదికి రాకూడదని ముందురోజే కబురొచ్చింది. వెనకనుంచి కూడా ఖాళీ బిందె కనిపించకూడదని ఆయన జాగ్రత్త. కాబట్టి ఆ పొద్దున ముప్పై ఇళ్లలో ఎవరూ నీళ్లకు రాలేదు. నాగులు ఇంట్లో నిన్నటి బిందె ఒకటి మిగిలింది, అంతే.

రాహుకాలం దాటాక డైరెక్టరు గారు, ప్రభాకరం ఎడమవైపు బయల్దేరారు. చేతిలో చెరో నీళ్ల సీసా. చూపుకు అడ్డం వస్తున్నాయని వీక్షణ స్థలాల్లో చెట్లన్నీ కొట్టేసి, నల్లరాతి బెంచీలు వేసి ఉన్నాయి. రెండోచోట ప్రభాకరం, "ఎండ ఎక్కువగా ఉంది సార్, పది నిమిషాలు కూర్చోకపోయినా..." అని నసిగాడు. డైరెక్టరు గారు ఒప్పుకోలేదు. "నియమం అందరికీ ఒకటే ప్రభాకరం," అని కాలుతున్న బెంచీ మీద కూర్చుని, గడియారం చూసుకుంటూ సరస్సును వీక్షించారు. మూడోచోటికి సీసాలు ఖాళీ అయ్యాయి. నాలుగోచోట ఆయనకు సరస్సులు రెండు కనిపించాయి. గూడెం చేరేసరికి పిక్కలు పట్టేసి, కళ్లు బైర్లు కమ్మి, మొదటి ఇంటి వాకిట్లో వేప చెట్టు కింద ఉన్న నులకమంచం మీద దబ్బున పడిపోయారు. ప్రభాకరం బెదిరిపోయి, మిగిలిన రెండు వందల అడుగులూ పరుగెత్తి గేటు దగ్గరికి వచ్చాడు.

"నాగులూ! నీళ్లు! బిందె నింపి ఉరుకు! సారు మీ ఇంటి ముందే పడిపోయాడు!"

నాగులు అప్పటికే లేచి నిలబడి చూస్తున్నాడు. గబగబా బోరింగు కొట్టి బిందె నింపాడు. భుజానికెత్తుకున్నాడు. ఆగాడు.

"ఏ దిక్కు కెల్లి సార్?"

"కుడివైపు! ఇంకేవైపు? కనిపిస్తున్నాడు కదా!"

"నోటితోని అంటున్నరు సార్."

ప్రభాకరం జేబులోంచి పెన్ను తీసి, రిజిస్టర్లోంచి కాగితం చించి, 'ఇందుమూలముగా' అని రాసి ఆగిపోయాడు. "మినహాయింపు ఇచ్చే అధికారం నాకు లేదు నాగులూ. అది డైరెక్టరు గారిదే."

"అయితే సార్నే అడుగున్రి."

లోయ అంచున ఫోన్లకు సిగ్నలు అందదు. ప్రభాకరం రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా అరిచాడు. "సార్! నాగులు నీళ్లు తెస్తాడు సార్! కుడివైపు నుంచి రావడానికి అనుమతి ఇవ్వండి!"

మంచం మీంచి ఒక చెయ్యి లేచింది. కాసేపటికి గొంతు కూడా వచ్చింది. "బిందె... నిండుగా ఉందా?"

"నిండుగా ఉంది సార్!"

"అయితే రమ్మను!"

ప్రభాకరం నాగులు వైపు తిరిగాడు. నాగులు కదల్లేదు. "సార్ మీద నాకు మస్తు గౌరవం. రాసిస్తె పోత."

"రాసివ్వమంటున్నాడు సార్!"

"ఫైలు పంపు! సంతకం పెడతా!" అంది మంచం.

ప్రభాకరం గదిలోకి పరుగెత్తాడు. ఎంత తొందరలో ఉన్నా ఫైలు ఫైలే కదా. విషయం, సూచిక, నేపథ్యం, ప్రతిపాదన అన్నీ రాశాడు. 'అత్యవసర దాహ పరిస్థితి దృష్ట్యా ఒక నిండు బిందెను అప్రదక్షిణ క్రమమున ఒక్కసారికి అనుమతించవచ్చునా అను విషయమై ఉత్తర్వుల కొరకు' అని ముగించి, ట్యాగు కట్టి బయటకొచ్చాడు. వచ్చి కుడివైపు చూశాడు. అక్కడ డైరెక్టరు గారు కనిపిస్తున్నారు. ఎడమవైపు చూశాడు. అక్కడ అడవి కనిపిస్తోంది. సంతకం పెట్టిన ఫైలు లేనిదే కుడివైపు పోకూడదు. కుడివైపు పోనిదే ఫైలు మీద సంతకం పడదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"ఫైలు ఇటియ్యున్రి సార్," అన్నాడు నాగులు. దాన్ని చంకలో పెట్టుకుని, బిందె భుజాన సర్దుకుని, ఎడమవైపు నడక మొదలుపెట్టాడు.

ఇంట్లో ఒక బిందె ఉందని అతనికి తెలుసు. బుచ్చమ్మ దాహంతో ఉన్న మనిషిని ఊరికే చూస్తూ కూర్చోదనీ తెలుసు. ఆ ధైర్యంతోనే అంత నింపాదిగా నడిచాడు. నాలుగు నెలలుగా ఆ బాట మీద అతను కోపంతోనో, అలసటతోనో, ఇంట్లో మాట్లాడని పెళ్లాన్ని తలుచుకుంటూనో నడిచాడు గానీ, తీరిగ్గా నడవడం అదే మొదటిసారి. మొదటి వీక్షణ స్థలంలో బిందె దించి, బెంచీ కాలుతుందని నేల మీద కూర్చుని, పది నిమిషాలు సరస్సును చూశాడు. గాలికి నీళ్ల మీద సన్నటి ముడతలు పడుతున్నాయి. అవతలి ఒడ్డున కొంగలు ఉన్నాయి. నిజంగానే చాలా బాగుంది. అతనికి సంతోషమేసింది, సంతోషం వేసినందుకు కొంచెం భయమూ వేసింది. అయినా పది నిమిషాల్లో ఒక్క నిమిషం తగ్గించలేదు.

అతను వాకిట్లోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. డైరెక్టరు గారు నులకమంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. తల తడి ఆరి, జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. మొహంలోకి రంగు వచ్చింది. బుచ్చమ్మ నిన్నటి బిందెలో సగం ఆయన నెత్తిన పోసి, సగం నోట్లో పోసింది. ఖాళీ అయిన బిందె గోడవారగా బోర్లించి ఉంది. పొయ్యి పొద్దుటినుంచీ వెలగలేదు. ఆమె గడపలో కూర్చుని, పొడి పెదవులు కొంగుతో అద్దుకుంటోంది.

"ప్రభాకరం ఏడీ?" అని అడిగారు డైరెక్టరు గారు.

"మీకు సీసాల నీళ్లు పట్టుకొని నా వెనుకనే బయలెల్లిండు సార్. నాలుగో కాడ కూసున్నడు. ఇంక ఆరు నిమిషాలున్నయన్నడు."

డైరెక్టరు గారు తల పంకించి, ఫైలు తీసుకుని, కళ్లజోడు తుడుచుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. నాగులు భుజం మీద బిందెతో అలాగే నిలబడ్డాడు. గూడెం ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఇళ్ల ముందుకు వచ్చి, ఆయనకు ఎదురుపడకుండా గోడల చాటున నిలబడి, పెన్ను వైపే చూస్తున్నారు. ఆ కుడివైపు దారి ఒక్క సంతకంతో తెరుచుకుంటుందని అందరికీ అర్థమైంది.

"అత్యవసర పరిస్థితి అని రాశాడు," అన్నారు డైరెక్టరు గారు. "ఇప్పుడది లేదు కదా."

ఆయన పెన్ను తీసి, 'పరిస్థితి కుదుటపడినది. ప్రతిపాదనను సమగ్ర నివేదికతో యథాక్రమమున తిరిగి సమర్పించవలెను' అని రాసి, పొడి సంతకం చేసి, ఫైలు నాగులుకు తిరిగి ఇచ్చారు. తర్వాత మంచం మీంచి కాళ్లు కిందికి దించి, బూట్లూ మేజోళ్లూ విప్పారు. దుమ్ముకొట్టుకుపోయిన పాదాలు ముందుకు చాచారు.

"గేటు దగ్గర ఫొటో తీస్తారు. ఆ బిందె ఇలా పెట్టవయ్యా, కాస్త కాళ్లూ ముఖం కడుక్కుంటాను."

బుచ్చమ్మ గడపలోంచి లేచింది. మొగుడి భుజం మీది బిందెను రెండు చేతులతో దించుకుంది. నాగులుకు మెమో గుర్తొచ్చింది, పర్మినెంటు ఫైలు గుర్తొచ్చింది, పద్దెనిమిదేళ్లు గుర్తొచ్చాయి. అన్నీ గుర్తొచ్చినా ఆమెను ఆపలేదు. ఆమె బిందెను ఇంట్లోకి తీసుకుపోయి, పొయ్యి పక్కన పెట్టి, మూత వేసి, మళ్లీ తలుపు దగ్గరికి వచ్చింది.

"బోరింగు గేటు కాడ ఉన్నది సార్," అంది. "మీకు రెండు వందల అడుగులే."